చింతామణి ప్రదర్శన పాఠం: పశ్చిమ ప్రకాశం పల్లె వేదిక నుంచి ఒక పరిశీలన

తెలుగు నాటకాలలో అచ్చయిన గ్రంథానికీ ఆడుతున్న నాటకానికీ మధ్య దూరం బాగా పెరిగినది ఏది అని అడిగితే కాళ్ళకూరి నారాయణరావు రచించిన 'చింతామణి'ని ముందుగా చెప్పవలసి ఉంటుంది. ఈ నాటకంపై వచ్చిన విమర్శలో అధిక భాగం ముద్రిత పాఠాన్ని ఆధారం చేసుకొన్నదే. కథాసంవిధానం, పాత్రపోషణ, పద్యశైలి, సంస్కరణ దృష్టి అన్న శీర్షికల కింద నాటకాన్ని పరిశీలించి, చివర ప్రదర్శనలలో అశ్లీలం చొరబడిందని ఒక వాక్యంలో విచారం ప్రకటించి ముగించడం పరిపాటి అయింది. ఆ ఒక్క వాక్యంలో దాటవేసిన భాగమే ఈ నాటకానికి పల్లెల్లో ఆయుష్షు పోసింది. 2022 జనవరి 17న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటక ప్రదర్శనను నిషేధించడానికీ ఆ భాగమే కారణమైంది. నిషేధం ప్రదర్శనకే గాని గ్రంథానికి కాదు. అంటే ప్రభుత్వం నిషేధించిన పాఠం ఎక్కడా అచ్చులో లేదు. విమర్శకులు చదివిన పాఠాన్ని ఎవరూ నిషేధించలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న ప్రదర్శన పాఠం ఎలా ఏర్పడింది, దానిలో దోషం ఎక్కడ ఉంది అన్నవే ఈ వ్యాసంలో చర్చనీయాంశాలు. చర్చకు ఆధారభూమిగా మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల పల్లె వేదికను తీసుకొంటున్నాను.

కాళ్ళకూరి (1871–1927) మూడు సాంఘిక దురాచారాలపై మూడు నాటకాలు రాశారు. వేశ్యాలంపటత్వంపై 'చింతామణి', వరశుల్కంపై 'వరవిక్రయం', మద్యపానంపై 'మధుసేవ'. వీటిలో 'చింతామణి' ఒక్కటే పూర్వకథను ఆశ్రయించింది. 'శ్రీకృష్ణకర్ణామృత' కర్తగా ప్రసిద్ధుడైన లీలాశుకుడు పూర్వాశ్రమంలో బిల్వమంగళుడనీ, చింతామణి అనే వేశ్య మాటవల్లనే విరక్తుడైనాడనీ ఐతిహ్యం. కర్ణామృతం తొలి శ్లోకంలో గురువైన సోమగిరితో పాటు చింతామణి పేరు కూడా స్మరించడం ఈ కథకు బలమిచ్చింది. వెలగపూడి వెంగనామాత్యుని అనువాదం వల్ల ఈ కావ్యం తెలుగు పాఠకులకు పరిచితమే. కథ మనకే పరిమితం కాదు. 1886లో గిరీశ్ చంద్ర ఘోష్ వంగభాషలో దీనిని నాటకం చేశాడు. వై.వి. రావు దర్శకత్వంలో ఎం.కె. త్యాగరాజ భాగవతార్ నటించిన తమిళ చిత్రం 1937లో వచ్చి అపూర్వ జనాదరణ పొందింది. అయితే వంగ నాటకం, తమిళ చిత్రం నడిచినది ప్రధానంగా భక్తి మార్గంలో. సంస్కరణోద్యమ వాతావరణంలో రాసిన కాళ్ళకూరి భక్తికథను సాంఘిక నాటకంగా మలిచారు. ఆ మలుపు కోసమే ఆయనకు సుబ్బిశెట్టి అవసరమైనాడు.

ముద్రిత నాటకంలో చింతామణి ఇంటికి వచ్చి చెడినవారు ముగ్గురు. భవానీశంకరం ఆస్తి కరిగించుకొని, చివరకు ఆ ఇంటికి మరొకరిని తెచ్చే మధ్యవర్తి స్థాయికి దిగజారిన బ్రాహ్మణుడు. సుబ్బిశెట్టి కూడబెట్టిన సొమ్మును శ్రీహరి, చిత్రల చేతుల్లో పోసిన వర్తకుడు. బిల్వమంగళుడు పండితుడు, ధనికుడు, రాధ వంటి ఇల్లాలు ఉన్నవాడు. ఈ ముగ్గురూ ఒకే పతనానికి మూడు మెట్లు. చదువు, ధనం, వంశం వీటిలో ఏదీ మనిషిని కాపాడదని చెప్పడానికి నాటకకర్త వీరిని వరుసగా నిలబెట్టాడు. ముగ్గురిలో ఇద్దరు బ్రాహ్మణులన్న సంగతి గమనార్హం. గ్రంథంలో అపహాస్యం ఒక కులానికి గురిపెట్టినది కాదు. సుబ్బిశెట్టి పిసినారితనం, వ్యామోహం కలిసి హాస్యం పుట్టిస్తాయి గాని ఆ హాస్యం కథను దాటి పోదు.

వేదిక ఈ మూడు మెట్లనూ విడదీసింది. ఎలా విడదీసిందో చూడడానికి పశ్చిమ ప్రకాశం అనువైన చోటు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. పరిపాలన రాయలసీమతో, రాకపోకలు ఇటు గుంటూరుతో, అటు నంద్యాలతో. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, వినుకొండ, నరసరావుపేటల మీదుగా గుంటూరు చేరే రైలుమార్గం ఈ ప్రాంతానికి వెన్నెముక. నాటక చరిత్ర దృష్టితో చూస్తే ఈ మార్గానికి ఒక చివర బళ్ళారి, మరొక చివర తెనాలి ఉన్నాయి. బళ్ళారి అంటే ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, ఆ తరువాత రాఘవ. వచనాభినయానికి, పాత్ర మనస్తత్వానికి ప్రాధాన్యమిచ్చి పాట మితిమీరడాన్ని నిరసించిన రాఘవ మార్గం. తెనాలి అంటే శ్రీరామవిలాస సభ, స్థానం నరసింహారావు. పద్యానికి రాగం, స్త్రీ పాత్రకు పురుషుని సొగసు. ఈ రెండు ధోరణులకు నడుమ ఉన్న పల్లె ఏది ఎంచుకొన్నదో చెప్పడం కష్టం కాదు. రాఘవను గౌరవించింది, పద్యాన్ని కోరుకొంది. 'చింతామణి' ఈ మెట్ట ప్రాంతానికి వచ్చింది పద్యనాటకంగానే.

స్థానం చింతామణి పాత్ర గురించి తెలుగు రంగస్థల చరిత్రకారులు ఇప్పటికే చాలా రాశారు గనుక ఇక్కడ విస్తరించను. ఒక్క మాట మాత్రం అవసరం. పురుషుడు చింతామణిగా నటించిన కాలంలో ప్రేక్షకుని దృష్టి ఆ పాత్ర నడకపైన, చీరకట్టుపైన, గొంతుపైన నిలిచింది. అంటే నాటకానికి కేంద్రం చింతామణే. తరువాతి తరంలో బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారు ఆ సంప్రదాయాన్ని కొనసాగించారు. 1933లో మదన్ థియేటర్స్, 1956లో భరణి సంస్థ తీసిన చిత్రాలు కూడా కథాకేంద్రాన్ని కదపలేదు. రెండవ చిత్రంలో భానుమతి చింతామణి, ఎన్.టి. రామారావు బిల్వమంగళుడు, ఎస్.వి. రంగారావు భవానీశంకరం. సుబ్బిశెట్టిగా రేలంగి నటించడంతో ఆ పాత్ర నాటకాలు చూడని ఊళ్ళకు సైతం పరిచయమైంది. హాస్యపాత్రకు ఒక రూపం, ఒక ఉచ్చారణ స్థిరపడడంలో ఈ చిత్రం పాత్ర ఎంతో పరిశోధించదగిన విషయం.

కేంద్రం మారింది కాంట్రాక్టు పద్ధతి వచ్చాక. సమాజాలు సడలి, కాంట్రాక్టరు వేర్వేరు ఊళ్ళనుంచి నటులను పిలిచి ఒక రాత్రికి పార్టీ కట్టే పద్ధతి స్థిరపడిన తరువాత నాటకం మొత్తంగా ఎవరికీ చెందకుండా పోయింది. రిహార్సలు ఉండదు. ఎవరి సీను వారికి కంఠస్థం. ఒకే పాత్రను ఒక్కో సీనుకు ఒక్కో నటుడు ధరిస్తాడు. మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు అన్నట్టే మొదటి బిల్వమంగళుడు, రెండవ బిల్వమంగళుడు. కరపత్రంలో నాటకం పేరు కంటే నటుల ఫొటోలు పెద్దవి. తిరునాళ్ళకో శ్రీరామనవమికో నాటకం మాట్లాడుకొనేటప్పుడు ఊరి పెద్దలు అడిగేది ఏ నాటకం అని కాదు, ఏయే సీన్లు, ఎవరెవరు అని. హరిశ్చంద్రలో కాటిసీను, పాండవోద్యోగంలో రాయబారం, చింతామణిలో భవాని సీను, సుబ్బిశెట్టి సీను. ఇవి క్రమంగా స్వతంత్ర ప్రక్రియలయ్యాయి. ఒకే రాత్రి నాలుగు నాటకాల నుంచి నాలుగు ముక్కలు ఆడడం కూడా సామాన్యమే.

ఈ ముక్కల పద్ధతికి ఒక లోపలి తర్కం ఉంది. పద్యం ప్రధానమైన సీనులో హార్మోనిస్టు, నటుడు కలిసి కాలాన్ని సాగదీస్తారు. ఒక పద్యానికి ముందు ఆలాపన, చివర సాగే రాగం, వన్స్‌మోర్ వస్తే మళ్ళీ మొదలు. నాలుగు పాదాల పద్యం పది నిమిషాలు పట్టవచ్చు. మైకు వచ్చాక ఈ ధోరణి మరింత పెరిగింది. వేదిక మధ్య వేలాడే మైకు కింద నిలబడితేనే గొంతు వినిపిస్తుంది గనుక నటుడు కదలడం మానేశాడు. కదలిక ఆగిపోయిన వేదికపై కదిలే పాత్ర ఒక్కటే మిగిలింది. పద్యం పాడనవసరం లేని సుబ్బిశెట్టి అటూ ఇటూ తిరుగుతాడు, ప్రేక్షకులలోకి తొంగి చూస్తాడు, హార్మోనిస్టుతో మాట్లాడతాడు. రాగానికి విరామం హాస్యం, హాస్యానికి విరామం రాగం. ఈ అమరికలోనే చింతామణి సంగీత నాటకం నుంచి సంగీత హాస్య ప్రదర్శనగా మారింది.

ఈ మార్పులో బలి అయినది చివరి ఘట్టం. వేశ్య తన ప్రియునికి వైరాగ్యం బోధించే మాట కోసం కాళ్ళకూరి నాటకమంతా రాశారు. పల్లె వేదికపై ఆ ఘట్టం వేళ తెల్లవారుజాము. అప్పటికి పిల్లలు చాపలపై నిద్రపోయి ఉంటారు, పెద్దలు లేచి వెళ్తుంటారు. చాలాచోట్ల దానిని క్లుప్తంగా ముగించి మంగళం పాడతారు. ముక్కల ప్రదర్శనలో అసలే ఉండదు. కథకు ఫలం లేకుండా పోయినప్పుడు పతనంలోని మెట్లు మెట్లుగా కనబడవు; వేశ్య ఇంట జరిగిన వేడుకగానే మిగులుతాయి.

ప్రక్షిప్తాలు చేరడమే తప్పని ఇక్కడ ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదం నిలవదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోని కాటిసీనులో గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలను నటులు చేర్చారు. ఏ నాటకకర్తా కోరలేదు, ఏ సంపాదకుడూ సూచించలేదు. ఈనాడు ఆ పద్యాలు లేని కాటిసీనును ప్రేక్షకులు అంగీకరించరు. వినుకొండ కవి పద్యాలు హరిశ్చంద్రుని నోట వినబడడం వల్ల నాటకం ఉన్నతమైందనే చెప్పాలి. శ్మశానంలో నిలబడిన రాజు నోట మరణం ముందు అందరూ సమానమన్న మాట వచ్చింది. అంతకంటే పాత్రోచితమైన ప్రక్షిప్తం ఊహించలేము. కాబట్టి నటుడు చేర్చాడా అన్నది ప్రశ్న కాదు. చేర్చినది ఏ దిక్కుకు లాగింది అన్నదే ప్రశ్న.

సుబ్బిశెట్టి సీనులో చేరినది శూన్యంలోంచి రాలేదు. పల్లె ప్రదర్శన కళల్లో ప్రధాన కథకు సంబంధం లేని హాస్యానికి ఒక స్థానం ఎప్పటినుంచో ఉంది. తోలుబొమ్మలాటలో రామాయణ ఘట్టాల నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ప్రత్యక్షమవుతారు. వారి మాటలు మొరటు, సరసం బాహాటం, ప్రస్తావించే సంగతులు ఆ ఊరివి, ఆ ఏటివి. గొల్లకలాపంలో సుంకరి కొండడు వేదాంతానికి ఎదురు నిలిచి మాట్లాడతాడు. ఈ ఆటలు తగ్గుముఖం పట్టిన తరువాత ఆ ఖాళీ స్థానాన్ని పద్యనాటకం నింపవలసి వచ్చింది. పౌరాణిక నాటకంలో దానికి చోటు తక్కువ. చింతామణిలో చోటు సిద్ధంగా ఉంది. కేతిగాడు చేసినదే సుబ్బిశెట్టి చేస్తున్నాడు. ఆ ఊరి సంతను, బస్సును, నీటి ఎద్దడిని మాటల్లోకి తెస్తాడు. రెండర్థాల మాటతో నవ్విస్తాడు. సుబ్బిశెట్టి సీను నాటకం భ్రష్టమైన చోటు అన్నంత మాత్రాన సరిపోదు. నాటకానికి పూర్వమున్న కళ తన వాటాను తిరిగి తీసుకొన్న చోటు అది. దానిని మెచ్చే ప్రేక్షకుని అభిరుచిహీనుడని తేల్చడం విమర్శకునికి సులువైన పనే గాని అందులో న్యాయం లేదు.

ఇంకా వెనక్కు వెళ్తే మరొక పోలిక ఎదురవుతుంది. బ్రాహ్మణుడు, శెట్టి కలిసి వేశ్యవాటిక తిరిగే జంట కాళ్ళకూరి కల్పించినది కాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో నడుస్తూ కనబడినదల్లా వర్ణించుకొంటారు. కర్తృత్వ వివాదం అటుంచితే, తెలుగులో మనకు దక్కిన తొలి రూపక రచనలో ఈ జంట ఉందన్నది నిర్వివాదం. అయితే టిట్టిభసెట్టి నవ్వులపాలయ్యేవాడు కాడు. మంచనశర్మకు సమానుడైన సహచరుడు. చూసేవాడు, మాట్లాడేవాడు, రసజ్ఞుడు. ఆ సెట్టికీ ఈ సుబ్బిశెట్టికీ నడుమ శతాబ్దాలలో ఏం జరిగింది? వర్తకుడు రసజ్ఞత కోల్పోయి డబ్బు సంచిగా మిగిలిన చిత్రణకు వలసపాలన కాలపు అప్పుల సంబంధాలు, సంస్కరణ నాటకాల అవసరాలు రెండూ కారణాలై ఉండవచ్చునని నా ఊహ. దీనిని విడిగా పరిశీలించాలి.

కేతిగాడికీ సుబ్బిశెట్టికీ ఉన్న ముఖ్యభేదం ఇక్కడే. కేతిగాడి కులమేదో ఎవరూ అడగరు. అతనికి ఊళ్ళో ఇల్లు లేదు. సుబ్బిశెట్టికి ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం వంటి చిన్న పట్టణాల్లో, వాటి చుట్టూ ఉన్న ఊళ్ళలో వర్తక కుటుంబాలు అందరికీ ఎరిగిన ముఖాలు. ఉత్సవానికి చందా రాసేవారిలో వారుంటారు, నాటకం చూడడానికి వచ్చేవారిలోనూ ఉంటారు. వేదికపై నటుడు ఆ ఊరి అంగళ్ళ వీధిని పేరెత్తి నవ్వించినప్పుడు ఆ నవ్వు కల్పిత పాత్రపై ఆగదు. మరునాడు బడిలో ఒక పిల్లవాణ్ణి ఆ పేరుతో పిలుస్తారు. ఆర్యవైశ్య సంఘాల అభ్యంతరాన్ని కళాస్వేచ్ఛ పేరుతో కొట్టిపారేసేవారు ఈ సంగతిని పట్టించుకోలేదు. గ్రంథంలో కులదూషణ లేదన్నది సరైన సమాధానం కాదు, ఎందుకంటే వారు విన్నది గ్రంథాన్ని కాదు. పాత హాస్యస్థానాన్ని బతికున్న పొరుగువాని ఇంటిపేరుకు ముడివేసిన చోట ప్రదర్శన పాఠం తప్పు చేసింది.

రెండవ తప్పు గురించి నిషేధోత్తర్వు చుట్టూ సాగిన వాదోపవాదాలలో వినబడినది తక్కువ. వేదికపై ఆ మాటలు ఎవరిని ఉద్దేశించినవి? చిత్రను, శ్రీహరిని, కొన్నిచోట్ల చింతామణిని. పురుషులు స్త్రీ పాత్రలు ధరించిన రోజుల్లో ఆ సరసం ఇద్దరు మగవారి మధ్య ఆట. స్త్రీలే ఆ పాత్రలు వేయసాగిన తరువాత అవే మాటలు ఒక స్త్రీ ముఖాన, వందలాది మంది ఎదుట అనబడుతున్నాయి. పాఠం మారలేదు, దాని అర్థం మారిపోయింది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని రాఘవ పోరాడింది ఈ స్థితి కోసం కాదు. కాంట్రాక్టు పద్ధతిలో నటికి సీను ముందుగా తెలియదు. ఎదుటి నటుడు ఏమంటాడో అసలే తెలియదు. నవ్వుతూ సమాధానం చెప్పడమే ఆమె వృత్తి. ఈ వ్యాసకర్త చిన్నతనంలో గిద్దలూరు వైపు ఒక పల్లెలో చూసిన ప్రదర్శనలో సుబ్బిశెట్టి రాగానే ఆడవాళ్ళు కొందరు లేచి వెళ్ళి, బిల్వమంగళుని పద్యం వినబడగానే వచ్చి కూర్చొన్నారు. వేదికపై ఉన్న ఆడమనిషికి ఆ వెసులుబాటు లేదని అప్పుడు తోచలేదు.

నాటకం ఎవరి జీవితాన్ని కథావస్తువుగా తీసుకొందో ఆ కళావంతుల స్త్రీల మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వీరేశలింగం నాటి సానిమేళ వ్యతిరేకోద్యమం నుంచి 1947 నాటి మద్రాసు దేవదాసీ నిరోధక చట్టం వరకు వారి గురించి ఇతరులే మాట్లాడారు. కాళ్ళకూరి చింతామణికి వివేకం ఇచ్చారు, మోక్షం ఇచ్చారు. ఇది తక్కువ గౌరవం కాదు. అయినా తల్లి శ్రీహరిని ధనపిశాచిగా, చెల్లెలిని వలగా చిత్రించక తప్పలేదు. ప్రదర్శన ఈ రెండవ సగాన్ని పెంచి మొదటి సగాన్ని వదిలివేసింది. నూరేళ్ళలో ఈ నాటకంపై అధికారికంగా వచ్చిన అభ్యంతరం వర్తకుని పక్షాన వచ్చింది గాని వేశ్యగా చిత్రితమైన స్త్రీ పక్షాన రాలేదు. ఏ వర్గానికి సంఘం ఉందో, ఏ వర్గానికి లేదో ఇది చెబుతుంది.

నిషేధాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. న్యాయచర్చ జోలికి ఈ వ్యాసం పోదు. సాహిత్య విద్యార్థికి మాత్రం ఒక వైపరీత్యం కనబడుతుంది. అభ్యంతరం సుబ్బిశెట్టి సీనులోని మాటలపై. ఉత్తర్వు భవాని పద్యాలనూ, బిల్వమంగళుని విరక్తినీ, చింతామణి హితబోధనూ కలిపి ఆపింది. నల్లమల దాటి కృష్ణ ఆవలి ఒడ్డుకు చేరితే ఆ ఉత్తర్వు వర్తించదు. అక్కడ అదే సీను అదే మాటలతో ఆడవచ్చు. ముక్కల పద్ధతి నాటకాన్ని విడదీస్తే, నిషేధం దానిని విచిత్రంగా మళ్ళీ ఒక్కటి చేసింది. తొలగించవలసిన మాటలను గుర్తించాలంటే ప్రదర్శన పాఠం రాతలో ఉండాలి. అది లేదు. ముద్రిత ప్రతిని ముందు పెట్టుకొని ఇది మూలం, మిగిలినది కల్మషం అనడమో, ఉన్నదంతా కళే అనడమో తప్ప మరో దారి లేకపోవడానికి మన విశ్వవిద్యాలయాల నాటక పరిశోధన కూడా బాధ్యత వహించాలి. నాటకాలపై సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. ఒక్క రాత్రి ప్రదర్శనను మొదటి నుంచి చివరి దాకా అక్షరబద్ధం చేసి, ఏ మాట గ్రంథంలోది, ఏది సినిమా నుంచి వచ్చింది, ఏది ఆ ఊళ్ళో పుట్టింది అని పాఠపరిష్కరణ పద్ధతిలో గుర్తించే పని తాళపత్రాలకు చేసినంత శ్రద్ధగా వేదికకు చేయలేదు.

ఆధారాలు పూర్తిగా పోలేదు. కేసెట్లుగా వెలువడిన సీన్లు కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. వృద్ధ నటుల కంఠంలో పాఠాంతరాలు ఉన్నాయి. హార్మోనిస్టుల నోటుపుస్తకాలు ఉన్నాయి. ఈ ప్రాంతంలో నేను చూసిన అటువంటి ఒక నోటుపుస్తకంలో చింతామణి పద్యాలన్నీ రాగం పేరుతో, శ్రుతితో సహా వరుసగా రాసి ఉన్నాయి. సుబ్బిశెట్టి సీను వచ్చిన చోట పేజీ ఖాళీగా వదిలి, కింద ఆ సీను తరువాత ఎత్తుకోవలసిన పద్యం మొదటి మాట మాత్రం రాశారు.